కొత్త కంప్యూటరు కొనుటకు ముందు

బాలబాలికలారా, మన తరగతి కంప్యూటరు విండోస్ 10తో నడచుచున్నది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 వేయుదమన్న, టీపీఎం 2.0 అను రక్షణ సౌకర్యము కావలెను. మన యంత్రములో అది లేదు. అందుచేత మీ తల్లిదండ్రులు కొత్తదానికై రింగిట్లు కూడబెట్టుచున్నారు.

దుకాణదారు వేగమును గూర్చియే చెప్పును. విండోస్ 11కు 4 జీబీ మెమరీ కనీస నియమమే. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్నది మేలు. మనకు అంతకంటె ముఖ్యము తెలుగు. అంగడిలోనే తెలుగు కీబోర్డును అమర్చి 'స్త్రీ' అని టైపు చేసి చూడవలెను. యూనికోడులో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆరు సంకేతములు కలిసిననే ఆ ఒక్క అక్షరమగును. అవి విడివిడిగా కనబడినచో ఆ అమరిక మనకు పనికిరాదు. ఉచితముగా దొరకు లినక్సు కూడ ఈ పని చేయగలదు. పాత యంత్రములో తరువాత దానినే వేయుదము.

తరువాత అనుటకు కారణమున్నది. రబ్బరు తోటలో మా నాయనమ్మ పాడిన జోలపాటలను యూనికోడు ఎరుగని రోజులలో, ఒక పాత ఫాంటుతో టైపు చేసితిని. ఆ ఫాంటు లేనిచోట అవి పిచ్చి గుర్తులుగా మారును. కాగితపు ప్రతి లేదు, నాయనమ్మయు లేదు. కావున రెండు యంత్రములను ప్రక్కప్రక్కన ఉంచి, ప్రతి శనివారము ఒక్కొక్క పాటను మీరే తిరిగి టైపు చేయవలెను. అర్థము కాని మాట వచ్చినచో ఊహించి వ్రాయక నన్ను అడుగుడు.