కొండదారిలో కిలోమీటర్లు కాదు... గంటలు లెక్కెయ్యండి!

ఫాల్గుణం వచ్చేసరికి మన్యం కొండల రూపే మారిపోతుంది. ఆకులు రాల్చిన మోదుగ చెట్లు ఎర్రగా పూస్తాయి. బూరుగ కొమ్మల నిండా పూలే. ఒక మంచి వాన పడిందంటే వారం, పది రోజుల్లో అరకు, పాడేరు వైపు కాఫీ తోటలు తెల్లటి పూలతో నిండిపోతాయి. చలికాలం రద్దీ తగ్గి, ఎండలు ఇంకా ముదరని ఈ రోజులు కుటుంబంతో కారులో కొండలు చూసి రావడానికి చాలా అనువైనవి. విశాఖపట్నం నుంచి అనంతగిరి మీదుగా అరకు చేరుకుని, అక్కడి నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసుకుంటూ నర్సీపట్నం దగ్గర మైదానంలోకి దిగిపోవచ్చు. రాజమహేంద్రవరం వైపు వాళ్లకు మారేడుమిల్లి దగ్గర.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మైదానంలోని హైవే మీదైతే రెండు గంటల దారి. ఘాట్‌లో మాత్రం మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా ఇదే లెక్క. పట్నంలో పావుగంటలో అందే వైద్యం ఇక్కడ గంట, రెండు గంటల దూరంలో ఉండొచ్చు. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు. అందుకే గది బుక్ చేసుకునేటప్పుడే ఇంట్లో వాళ్ల ఆరోగ్యాన్ని కూడా ప్లాన్‌లో కలపాలి.

ముందుగా డాక్టర్‌ను కలవాల్సింది ఎవరు?

ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, నడిస్తే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండేవారు తమ వైద్యుడిని అడిగాకే బయలుదేరాలి. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉంటాయి. దిగడం తేలికే, ఎక్కి రావడమే కష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కొంతవరకు చూసి ఆగిపోవడం మేలు.

గర్భిణులకు నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు ప్రయాణం కొంత సులువు. రక్తస్రావం, బీపీ లాంటి సమస్యలుంటే ఘాట్ రోడ్డు జోలికి పోవద్దు. సీటు బెల్టు పొట్ట మీదుగా కాకుండా, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా రావాలి.

చాలామంది అడిగే ప్రశ్న: 'అంత ఎత్తులో ఆక్సిజన్ సరిపోతుందా?' అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటితేనే మొదలవుతుంది. ఈ దారిలో ఎక్కడా అంత ఎత్తు రాదు. కాబట్టి ఆక్సిజన్ డబ్బాలు కొననక్కర్లేదు. అయితే తెల్లవారుజామున చలి, దారిలో దుమ్ము, పూల పుప్పొడి ఆస్తమాను రేపుతాయి. ఇన్‌హేలర్ డిక్కీలోని సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి.

బండి నడిపేవారి నిద్ర

తెల్లారేసరికి కొండ ఎక్కాలని రాత్రంతా బండి నడపడం చాలామందికి అలవాటు. నిద్ర చాలని మెదడు మనకు తెలియకుండానే కొన్ని సెకన్లు కునుకు తీస్తుంది. హెయిర్‌పిన్ మలుపులో ఆ కొన్ని సెకన్లు చాలు. ముందురోజు ఏడు గంటలు నిద్రపోయి, వెలుగు వచ్చాకే ఘాట్ ఎక్కాలి. చీకటి పడకముందే దిగిపోవాలి. రెండు గంటలకోసారి పావుగంట ఆగాలి. ఆ ఆగడం వెనక సీట్లో వాళ్లకూ అవసరమే. గంటల తరబడి కాళ్లు మడిచి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. దిగి నాలుగడుగులు నడవాలి. టీ, కాఫీలు కాసేపు మెలకువగా ఉంచుతాయేమో కానీ నిద్ర లోటును తీర్చవు.

బండి నడిపేవారికి షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ రకం మాత్రలు గానీ వాడుతుంటే స్టీరింగ్ పట్టే ముందు చక్కెర చూసుకోవాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని, చక్కెర పెరిగాకే కదలాలి. దారిలో చెమటలు, వణుకు, తికమక అనిపిస్తే వెంటనే బండి పక్కన ఆపి గ్లూకోజు గానీ, మూడు చెంచాల పంచదార గానీ తీసుకోవాలి. చక్కెర మామూలు స్థాయికి వచ్చాక కూడా ముప్పావుగంట వరకు డ్రైవింగ్ వద్దు. ఉదయం మాత్ర వేసుకుని, 'టిఫిన్ అరకులో చేద్దాంలే' అనుకోవడమే చాలాసార్లు ఈ పరిస్థితికి కారణం.

మలుపుల్లో వాంతులు

శరీరం ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది. ఫోన్‌లోనో పుస్తకంలోనో చూపు నిలిపిన కళ్లు కదలిక లేదంటాయి. ఈ రెండు సమాచారాలు పొసగకపోవడం వల్లే వికారం పుడుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. రెండు ఇడ్లీలు చాలు. పూరీ, బజ్జీలు తిరుగు ప్రయాణానికి వాయిదా వేసుకోండి. పెద్దవాళ్లయితే ముందు సీట్లో కూర్చుని దూరంగా కొండ అంచును చూడాలి. పిల్లలకు వెనక సీటే క్షేమం. వాళ్ల చేతిలో ఫోన్ పెట్టకుండా కిటికీ కొద్దిగా తీసి ఉంచాలి.

వాంతుల మాత్రలు వికారం మొదలయ్యాక కాదు, ఎక్కడానికి గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తాయి. వీటిలో చాలావరకు మత్తునిస్తాయి. బండి నడిపేవారు అస్సలు వేసుకోకూడదు. ప్రొమెథజైన్ రకం మందు రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. నీటికాసుల జబ్బు, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దలు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే గుటక వేయాలి, ఆవలించాలి. చంటిపిల్లలకు పాలు పట్టాలి.

నీళ్లు, తిండి, జారే రాళ్లు

వాగు నీరు అద్దంలా కనిపించినా పైన పశువులు దిగి ఉండొచ్చు. కాచిన నీళ్లు గానీ, సీలు ఉన్న సీసా నీళ్లు గానీ తాగండి. బొంగులో చికెన్ తినకుండా వచ్చేవాళ్లు తక్కువే. ముక్క విడదీసి చూస్తే లోపల గులాబీ రంగు కనిపించకూడదు. వేడివేడిగా ఉన్నప్పుడే తినేయాలి.

చాపరాయి లాంటి చోట్ల నాచు పట్టిన బండల మీద జారి పడటం, లోతు తెలియక మునిగిపోవడం ప్రధాన ప్రమాదాలు. మద్యం తాగి నీళ్లలోకి దిగడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. షుగర్ ఉన్నవారు వట్టి కాళ్లతో నడవకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి రాయి గీసుకున్నా తెలియదు.

పూలకాలం తేనెటీగల కాలం కూడా. పెద్ద చెట్ల మీద, కొండ చరియల్లో పట్లు కనిపిస్తే రాళ్లు విసరడం, కింద పొగ పెట్టడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. కుట్టాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం లాంటివి చేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు మందును ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

అసలు జాగ్రత్త తిరిగొచ్చాకే

మన్యంలో మలేరియా వానాకాలంలో ఎక్కువే కానీ, మిగతా కాలాల్లో పూర్తిగా పోదు. అందులోనూ ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం ఇక్కడ ఎక్కువ. ఈ దోమ కుట్టేది రాత్రి పూట. చీకటి పడ్డాక నిండు చేతుల చొక్కా, ఒంటికి దోమల క్రీము, పడకకు దోమతెర ఉండాలి. టెంట్లలో ఎక్కువ రోజులు ఉండేవారికి మలేరియా రాకుండా ముందస్తు మాత్రలు అవసరమా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు.

దోమ కుట్టిన మర్నాడే జ్వరం రాదు. ఫాల్సిపారం సాధారణంగా ఒకటి, రెండు వారాలకు, కొందరిలో నెలకు బయటపడుతుంది. వైవాక్స్ రకం నెలల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి ఫొటోలు చూసుకోవడం కూడా అయిపోయి, ప్రయాణం సంగతే మరిచిపోతాం. జ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసెటమాల్‌తో నాలుగు రోజులు గడిపేస్తాం. ఆ నాలుగు రోజుల్లోనే ఫాల్సిపారం మెదడుకు, కిడ్నీలకు పాకే ప్రమాదముంది. తొలిరోజే పట్టుకుంటే మాత్రలతో నయమయ్యే జబ్బు ఇది. మొదటి పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే ఒకటి, రెండు రోజుల్లో మళ్లీ చేయించాలి.

గడ్డిలో, పొదల్లో ఉండే నలుసంత పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా వస్తుంది. చంకలు, గజ్జలు, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పుండు కనిపిస్తే అది దీని గుర్తే. నొప్పి ఉండదు కాబట్టి వెతికితేనే కనిపిస్తుంది. సకాలంలో సరైన యాంటీబయాటిక్ మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది. దుప్పటి పరచకుండా గడ్డిలో కూర్చోవద్దు. గదికి రాగానే స్నానం చేసి, విప్పిన బట్టలు ఉతకడానికి వేయండి.

తిరిగొచ్చిన నెల, రెండు నెలల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టర్‌కు ముందుగా చెప్పాల్సిన మాట ఒకటే: 'మేం మన్యం వెళ్లొచ్చాం'. ఎన్ని రోజుల క్రితమో, రాత్రి ఎక్కడ పడుకున్నారో కూడా చెప్పండి. ఏ పరీక్షలు ముందు చేయాలన్నది ఆ మాటతోనే తేలుతుంది.

బండిలో ఉండాల్సిన సంచి

* రోజూ వాడే బీపీ, షుగర్, గుండె మందులు: ప్రయాణ రోజుల కంటే మూడు రోజులకు ఎక్కువగా. చీటీ ఫొటో ఫోన్‌లో ఉండాలి.
* ఇన్సులిన్: ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు, ఐసుకు నేరుగా తగలనివ్వొద్దు.
* గ్లూకోమీటర్, గ్లూకోజు పొడి, బిస్కెట్లు.
* ఓఆర్ఎస్: పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద చదివి కలపాలి.
* పారాసెటమాల్, సెట్రిజిన్, వాంతుల మాత్రలు, థర్మామీటర్.
* దూది, గాజుగుడ్డ, బ్యాండేజీ, సబ్బు, దోమల క్రీము, టార్చ్.
* సిగ్నల్ లేకున్నా తెరుచుకునేలా డౌన్‌లోడ్ చేసిన మ్యాపు, దారిలోని ఆసుపత్రుల పేర్లు రాసిన కాగితం. అంబులెన్స్‌కు 108.