మూడు కిలోమీటర్ల అవతలి బడి

సైకిలు మీద పరిశోధన అనగానే మనసు ఆమ్‌స్టర్‌డామ్‌కో కోపెన్‌హాగెన్‌కో పోతుంది. చక్కటి ప్రత్యేక దారులు, కోటు వేసుకుని ఆఫీసుకు తొక్కుకుంటూ పోయే పెద్దమనుషులు! ఈ ఇరవై ఏళ్లలో సైకిలు సత్తాను అంకెలతో రుజువు చేసిన అధ్యయనాల్లో నాకు మాత్రం అన్నిటికన్నా గట్టిగా కనిపించేది బిహార్ పల్లెల్లో పుట్టింది. అందులో నాయికలు తొమ్మిదో తరగతి ఆడపిల్లలు.

2006లో అక్కడి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. తొమ్మిదిలో చేరిన ప్రతి ఆడపిల్లకూ సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు. సైకిళ్లెక్కిన పిల్లలు రోడ్ల నిండా కనబడ్డారు, ఫొటోలు బాగా వచ్చాయి. ఫొటోల సంగతి సరే, చదువు పెరిగిందా?

ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్లు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. మురళీధరన్ మనకు కొత్త కాదు. పిల్లల చదువును బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెబడుల్లో ఏళ్ల తరబడి పరీక్షించి చూసినవారిలో ఆయనొకరు.

చిక్కంతా కొలవడంలోనే ఉంది. ఆ రోజుల్లో బిహార్‌లో రోడ్లు పడుతున్నాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. సైకిలు ఇవ్వకపోయినా కొందరు పిల్లలు ఎలాగూ బడికి వచ్చేవారే. ఆ గొప్పంతా సైకిలుకు కట్టబెడితే ఎలా? అందుకని ముందు అదే వయసు మగపిల్లలతో పోల్చారు. రోడ్డు పడితే అన్నకీ చెల్లికీ మేలే, సైకిలు డబ్బులు మొదట్లో చెల్లికే వచ్చాయి. పథకం వచ్చేసరికే తొమ్మిదో తరగతి దాటిపోయే వయసున్న అక్కలతోనూ పోల్చారు. అదీ చాలక, ఈ లెక్కంతా పక్కనున్న జార్ఖండ్‌లో ఎలా ఉందో చూశారు. 2000 దాకా రెండూ ఒకే రాష్ట్రం, అక్కడ ఈ పథకం లేదు. ఇన్ని జల్లెళ్లు పట్టాక మిగిలింది ఇది: హైస్కూలు వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి, ఆడ-మగ తేడా 40 శాతం తగ్గింది. 2017లో ఈ వ్యాసం అచ్చయింది.

నన్ను ఒప్పించింది ఆ 32 కాదు, దాని వెనకున్న దూరం. పిల్లలు వచ్చింది 2,000 రూపాయల ఆశతోనే అయితే, బడి పక్క వీధిలో ఉన్న పిల్లా అంతే హుషారుగా చేరాలి. అలా జరగలేదు. పెరుగుదలలో ఎక్కువ భాగం హైస్కూలు మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలోనే కనబడింది. పని చేసింది నోట్లు కాదు, చక్రాలు. పదో తరగతి పరీక్ష రాసిన ఆడపిల్లలు 18 శాతం పెరిగితే పాసైనవాళ్లు 12 శాతమే పెరిగారు. బడి గేటు దాకా తీసుకెళ్లడం వరకే సైకిలు పూచీ. లోపల లెక్కలు చెప్పేది అది కాదు కదా.

ఇంకో మాట కూడా రాశారు, నాకు చాలా నచ్చింది. ఒక్క పిల్లకు సైకిలు ఇస్తే అది సైకిలే. క్లాసు మొత్తానికీ ఒకేసారి ఇస్తే గుంపు తయారవుతుంది. గుంపుగా వెళ్లే పిల్లలను దారిలో ఆపి ఏడిపించడం అంత తేలిక కాదు. పొలిమేర దాటే ఆడపిల్లను ఊరు వింతగా చూడడమూ తగ్గుతుంది. తర్వాత జాంబియాలో ఇలాంటి ప్రయోగమే చేస్తే బడికి పట్టే సమయం 35 శాతం, గైర్హాజరు 27 శాతం తగ్గాయి.

మరి మొత్తం దేశం సంగతి? ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు జాతీయ నమూనా సర్వేల లెక్కలు తిరగేసి 2024లో చెప్పింది వింటే ఆశ్చర్యమేస్తుంది. 2007లో పల్లె ఆడపిల్లల్లో నూటికి నలుగురైదుగురు సైకిలు మీద బడికెళ్లేవారు. పదేళ్లకు ఆ లెక్క 11కు చేరింది. బిహార్ పల్లెల్లో అయితే ఎనిమిది రెట్లు. పట్నాల్లో మాత్రం ఎక్కడిదక్కడే.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. పట్నాల్లో సైకిళ్ల కోసం ఏమీ చేయలేదనడానికి లేదు. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు వెంట 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, పైన సౌరఫలకాల కప్పుతో సహా. ఎండ తగలదు, వాన తగలదు, కరెంటు కూడా వస్తుంది. నేను దాన్ని వెక్కిరించను, పొద్దున్నే వ్యాయామానికి అంతకన్నా హాయైన చోటు దొరకదు. కాని ఆ దారి రింగురోడ్డును పట్టుకుని పోతుంది. వాచ్‌మన్ డ్యూటీకి పోయే దారి వేరు, తాపీమేస్త్రి అడ్డాకు పోయే దారి వేరు, పిల్లల బడి దారి వేరు. కొవిడ్ రోజుల్లో యూరప్ నగరాలు ఇందుకు భిన్నంగా చేశాయి. ఉన్న రోడ్లలోనే రంగుగీతలతో, స్తంభాలతో రాత్రికి రాత్రి సైకిలు వరస విడదీశాయి. 106 నగరాల లెక్కలు చూసిన ఇద్దరు పరిశోధకులు, ఆ వరసల వల్లనే సైకిళ్ల వాడకం 11 నుంచి 48 శాతం దాకా పెరిగిందని 2021లో తేల్చారు. అక్కడ కప్పులు వేయలేదు, కార్ల నుంచి కాస్త చోటు తీసుకున్నారు, అంతే. మన దగ్గర కష్టమంతా ఆ కాస్త చోటు తీసుకోవడంలోనే.

బిహార్ పిల్లకు అడ్డం దూరం. సైకిలు దాన్ని మింగేసింది. మా వీధి పాపకు అసలు దూరమే లేదు. ఆమె హైస్కూలు కిలోమీటరున్నర. పుట్టినరోజుకు కొన్న గులాబీరంగు సైకిలు మెట్ల కింద గొలుసేసి ఉంది, సీటుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. ఇంటికీ బడికీ మధ్య ఆరు వరసల రోడ్డుంది. పొద్దున్న ఎనిమిదింటికి ఆటో వస్తుంది. పాప బ్యాగు ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన అర సీటులో సర్దుకుంటుంది.