కాగితం చదివే కంప్యూటరుకు తెలుగు వచ్చా? కొనే ముందే పరీక్షించుకోవాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె: బ్యాంకు నుంచి నోటీసు వస్తుంది. తహసీల్దారు కార్యాలయం నుంచి పొలం కాగితం వస్తుంది. చూపున్నవారు చదువుకుని జాగ్రత్త పడతారు. చూపులేనివారు ఎవరైనా చదివి చెప్పేదాకా ఆగాలి. చదివినవారు ఎంత చెబితే అంతే. అప్పు సంగతి, ఆస్తి సంగతి, జబ్బు సంగతి ఇరుగుపొరుగుకు తెలిసిన తర్వాతే సొంతదారుకు తెలుస్తుంది.

ఈ ఇబ్బంది తీర్చేందుకు కాగితాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయి. వీటిలో కొన్ని ఉచితం, కొన్ని ఖరీదైనవి. అయితే ఇంగ్లీషు గడగడా చదివేదల్లా తెలుగూ చదువుతుందనుకుంటే డబ్బు దండగే. ఎంపికలో మొదట చూడవలసింది ఇదే.

రెండింటికీ తెలుగు రావాలి

స్కానర్ కాగితాన్ని బొమ్మగా మాత్రమే తీస్తుంది. ఆ బొమ్మలోని అక్షరాలను ఒక సాఫ్ట్‌వేర్ గుర్తుపడుతుంది. దీన్నే ఓసీఆర్ అంటారు. గుర్తుపట్టిన మాటలను పైకి చదివేది మరొకటి. దాని పేరు స్క్రీన్ రీడర్. మొదటిదానికి తెలుగు వచ్చి రెండోదానికి రాకపోయినా, రెండోదానికి వచ్చి మొదటిదానికి రాకపోయినా పని జరగదు.

అంధుల కోసం పుస్తకాలు చదివే యంత్రాన్ని అమెరికాలో రే కర్జ్‌వెయిల్ 1976లో ప్రదర్శించారు. ఆ మరుసటి ఏడాదే, 1977లో, అచ్చు తెలుగు అక్షరాలను కంప్యూటరు చేత గుర్తింపజేయడంపై రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు పరిశోధన పత్రం ప్రచురించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ తెలుగు ఓసీఆర్‌ను 2001లో అంతర్జాతీయ సదస్సు ముందుంచారు. అయినా తెలుగు చదవడం యంత్రానికి నేటికీ తేలిక కాదు. ‘ద’కూ ‘ధ’కూ చిన్న గీతే తేడా. ‘ప’, ‘వ’, ‘ష’ ఒకదానినొకటి పోలి ఉంటాయి. పైన గుడి, కింద వత్తు వేరువేరుగా ఉండి యంత్రాన్ని తికమక పెడతాయి.

ఉచితమైనవి ముందు

స్క్రీన్ రీడర్లలో ‘ఎన్‌వీడీఏ’ ఉచితం. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు 2006లో దీనికి శ్రీకారం చుట్టారు. ఇది తెలుగు కూడా చదువుతుంది. అక్షరాలను గుర్తుపట్టేందుకు ‘టెసరాక్ట్’ ఉంది. 2005 నుంచి ఇది అందరికీ ఉచితం, తెలుగు వచ్చు. ‘నాప్స్-2’ అనే ఉచిత స్కానింగ్ సాఫ్ట్‌వేర్ దీనినే వాడుకుంటుంది. గూగుల్ డ్రైవ్‌లో కాగితం ఫొటో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిచినా తెలుగు మాటలు బయటికి వస్తాయి. అయితే అప్పుడు కాగితం ఇంటర్నెట్ మీదుగా కంపెనీ కంప్యూటరుకు చేరుతుంది. కథల పుస్తకానికి ఫరవాలేదు. బ్యాంకు కాగితాలకు, వైద్య నివేదికలకు సొంత కంప్యూటరులోనే పని ముగించేది మేలు.

కొనే ముందు పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా అమ్మేవారు తెచ్చిన నమూనా కాగితంతో తృప్తిపడరాదు. ఇంటి నుంచి నాలుగు కాగితాలు తీసుకువెళ్ళాలి. ఒక పాఠ్యపుస్తకం పేజీ, ఒక దినపత్రిక, ఒక కరెంటు బిల్లు, ముద్ర పడిన ఒక ప్రభుత్వ కాగితం చాలు. చూపున్నవారిని పక్కన కూర్చోబెట్టి తప్పులు లెక్కపెట్టించాలి. అంకెలను మరీ జాగ్రత్తగా చూడాలి. మాటలో ఒక అక్షరం తప్పితే అర్థం ఊహించుకోవచ్చు. సర్వే నంబరులో 3 కాస్తా 8 అయితే పొలమే మారిపోతుంది. అందువల్ల సంతకం చేసే కాగితంలోని అంకెలను రెండోసారి సరిచూసుకోక తప్పదు. చేతిరాతను ఈ సాఫ్ట్‌వేర్‌లు నమ్మకంగా చదవలేవు.

రెండో పరీక్ష, చూపులేని వ్యక్తి ఒంటరిగా దానిని నడపగలగడం. మౌస్ పట్టుకుంటే తప్ప కదలని సాఫ్ట్‌వేర్ వారికి పనికిరాదు. ప్రతి పనీ కీబోర్డుతోనే జరగాలి. ప్రతి మీట పేరునూ స్క్రీన్ రీడర్ పలకాలి. కాగితాన్ని తలకిందులుగా పెట్టినా సరిచేసుకుని చదివేది మంచిది. స్కానర్ అయితే కాగితాన్ని మూలకు ఆనించి పెట్టవచ్చు కనుక సెల్‌ఫోన్ కెమెరా కంటే తేలిక. 300 డీపీఐ వద్ద తీస్తే అక్షరాలు స్పష్టంగా వస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫాంట్లతో తయారైన తెలుగు పీడీఎఫ్‌లు కంటికి బాగానే కనిపిస్తాయి, స్క్రీన్ రీడర్‌కు మాత్రం పిచ్చిరాతలు. వాటిని బొమ్మగా మార్చి ఓసీఆర్‌కు ఇస్తే దారి దొరుకుతుంది. కార్యాలయాలు మొదటి నుంచీ యూనికోడ్‌లో టైపు చేయిస్తే ఈ శ్రమే ఉండదు.

చట్టం అండ

చూపులేనివారు చదువుకునేందుకు వీలుగా పుస్తకాన్ని మార్చుకోవడానికి 2012లో సవరించిన కాపీరైట్ చట్టం అనుమతిస్తోంది. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ధ్రువీకరించిన తొలి దేశం మనదే. 2016లో ప్రారంభమైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఇలా మార్చిన పుస్తకాలు ఉన్నాయి. స్కాన్ చేసే ముందు అక్కడ వెతికితే శ్రమ తప్పుతుంది.

అచ్చు పుస్తకాలకు ఈ ప్రాంతం పేరొందినదే. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలసింది. దాని భవనానికి గాంధీజీ 1929లో శంకుస్థాపన చేశారు. అటువంటి ప్రాంతంలో చూపులేని విద్యార్థి పుస్తకం కోసం మరొకరి గొంతుపై ఆధారపడవలసి రావడం విచారకరం. ఇంటింటా స్కానర్ కొనడం పేద కుటుంబాలకు సాధ్యం కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె గ్రంథాలయాల్లో ఒక్కో కంప్యూటరు, ఒక్కో స్కానర్, ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఏర్పాటుచేసి, నేర్పే మనిషిని నియమిస్తే చుట్టుపక్కల గ్రామాల వారికి మేలు జరుగుతుంది. తన కాగితం తానే చదువుకున్న తర్వాత సంతకం పెట్టే హక్కు వారికీ ఉంది. అధికారులు, దాతలు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.