గూగుల్ క్లాస్‌రూమ్: పైసా ఖర్చు లేకుండా ఆన్‌లైన్ తరగతి నడపడం ఎలా? ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న పిల్లల సంగతేంటి?

సాయంత్రం ఏడు గంటలవుతుంది. ఎనిమిదో తరగతి లెక్కల హోంవర్క్ కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఫొటోలు ఒకదాని వెంట ఒకటి పడుతుంటాయి. కొన్ని తలకిందులుగా ఉంటాయి. కొన్నింటి మీద పేరుండదు. మధ్యలో ఎవరో ‘గుడ్ ఈవినింగ్’ బొమ్మ పంపుతారు. ఎవరు పంపారు, ఎవరు పంపలేదు అని తేల్చుకోవడానికే టీచర్‌కు గంట పడుతుంది. దిద్దిన పేజీని అదే గ్రూపులో పెడితే ఒక పిల్లాడి తప్పులు మిగతా అందరి కంటా పడతాయి.

ఈ తలనొప్పిని తగ్గించడానికి ఉచితంగా దొరికే వేదికలు ఉన్నాయి. వాటిలో ఫోన్ నుంచే సులువుగా వాడుకోగలిగింది గూగుల్ క్లాస్‌రూమ్. అయితే ‘ఉచితం’ అన్న మాట వెనక కొన్ని పరిమితులు, కొన్ని బాధ్యతలు ఉన్నాయి. అవేంటో తెలుసుకుని మొదలుపెడితే ఏడాది మధ్యలో ఇబ్బంది పడక్కర్లేదు.

ఎల్‌ఎంఎస్ అంటే ఏమిటి?

లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌నే క్లుప్తంగా ఎల్‌ఎంఎస్ అంటారు. పాఠం పంచడం, హోంవర్క్ ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, దిద్దడం, మార్కులు దాచడం అన్నీ ఒకేచోట జరిగే ఏర్పాటు ఇది. ఒకరకంగా హాజరు పట్టీ, నోటు పుస్తకాల కట్ట, మార్కుల రిజిస్టర్ మూడూ కలిపి ఫోన్‌లో పెట్టినట్టు.

దీక్ష, స్వయం కూడా ఇలాంటివే అని చాలామంది అనుకుంటారు. కానీ వాటి పని వేరు. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు ప్రారంభించిన ‘దీక్ష’ ప్రధానంగా పాఠాల భాండాగారం. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియోలు, అభ్యాసాలు అందులో తెరుచుకుంటాయి. అదే ఏడాది మొదలైన ‘స్వయం’లో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. మీ తరగతిలోని నలభై మంది హోంవర్క్ తీసుకుని దిద్దిపెట్టడం వీటి ప్రధాన పని కాదు.

ఆ పనికి చాలా కాలేజీలు ‘మూడుల్’ వాడతాయి. ఆస్ట్రేలియాలో పుట్టి 2002లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. కానీ దాన్ని నడపడానికి సర్వర్ కావాలి, చూసుకునే మనిషి కావాలి. ఒక్క టీచర్ తన ఫోన్‌తో మొదలుపెట్టాలంటే 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ తేలిక.

ఏ ఖాతాతో మొదలుపెట్టాలి?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. క్లాస్‌రూమ్‌ను రెండు రకాల ఖాతాలతో వాడొచ్చు.

ఒకటి మీ సొంత జీమెయిల్ ఖాతా. 2017 నుంచి దీనితోనూ తరగతి తెరిచే వీలుంది. ఒక తరగతిలో టీచర్లు, విద్యార్థులు కలిపి 250 మంది దాకా ఉండొచ్చు. ఫైళ్లకు ఆ ఖాతాలోని 15 జీబీ స్థలమే ఆధారం. మీ ఫొటోలు, మెయిళ్లు కూడా అందులోనే ఉంటాయని మరవొద్దు. ఇంటి దగ్గర ట్యూషన్, సంగీతం క్లాసు, అపార్ట్‌మెంట్‌లో పిల్లల కోసం నడిపే స్పోకెన్ ఇంగ్లిష్ వంటి వాటికి ఇది సరిపోతుంది.

రెండోది ‘వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్’ కింద బడి లేదా కాలేజీ తీసుకునే ఖాతా. అర్హత ఉన్న విద్యాసంస్థలకు ఇందులోని ప్రాథమిక ప్లాన్ ఉచితం. సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ స్థలం ఇస్తారు. దీనికి సంస్థ పేరుతో సొంత వెబ్ డొమైన్ ఉండాలి, దరఖాస్తు చేసుకోవాలి.

సొంత ఖాతాతో తరగతి తెరిచేటప్పుడు ‘బడిలో విద్యార్థులతో వాడుతున్నారా?’ అని ఒక పెట్టె కనిపిస్తుంది. చాలామంది చదవకుండానే టిక్ పెట్టేస్తారు. బడిలో వాడేటట్టయితే బడి ఖాతానే తీసుకోవాలని గూగుల్ అక్కడ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి మీరు బడి టీచర్ అయితే ముందు హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి.

తరగతి ఎలా తెరవాలి?

ప్లే స్టోర్ నుంచి క్లాస్‌రూమ్ యాప్ దించుకుని మీ ఖాతాతో లాగిన్ అవ్వాలి. కింద కుడివైపు ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, ‘క్రియేట్ క్లాస్’ ఎంచుకుని తరగతి పేరు ఇస్తే సరి. పేరులో సంవత్సరం కూడా రాయండి. వచ్చే ఏడాది పాత తరగతి ఏదో, కొత్తది ఏదో వెతుక్కోనక్కర్లేదు.

తరగతి తెరుచుకోగానే ఒక కోడ్ వస్తుంది. విద్యార్థులు తమ యాప్‌లో ‘జాయిన్ క్లాస్’ నొక్కి ఆ కోడ్ కొడితే లోపలికి వస్తారు. కోడ్‌ను బోర్డు మీద రాయండి లేదా ఒక్కొక్కరికీ విడిగా పంపండి. వందల మంది ఉన్న గ్రూపుల్లో పెట్టొద్దు. అందరూ చేరాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి కోడ్‌ను ఆపేయొచ్చు. బయటివాళ్లు చొరబడకుండా ఉండటానికి ఇదే తేలికైన మార్గం.

లోపల స్ట్రీమ్, క్లాస్‌వర్క్, పీపుల్ అనే విభాగాలు కనిపిస్తాయి. స్ట్రీమ్ నోటీసు బోర్డు లాంటిది. అక్కడ టీచర్ మాత్రమే రాసేలా సెట్టింగ్స్‌లో మార్చుకుంటే గుడ్ మార్నింగ్ బొమ్మల బెడద ఉండదు. పాఠాలు, హోంవర్క్ క్లాస్‌వర్క్‌లో పెట్టాలి. ‘టాపిక్’ పేరుతో పాఠం వారీగా విడదీస్తే పరీక్షల ముందు పిల్లలకు వెతుకులాట తప్పుతుంది.

హోంవర్క్ ఇవ్వడం, దిద్దడం

క్లాస్‌వర్క్‌లో ‘అసైన్‌మెంట్’ ఎంచుకుని ప్రశ్నలు రాసి, మార్కులు, గడువు పెట్టాలి. పిల్లలు నోటు పుస్తకంలోనే చేసి, యాప్ నుంచే పేజీని ఫొటో తీసి జతచేసి పంపొచ్చు. ఎవరు పంపారు, ఎవరు ఇంకా పంపలేదు అన్నది టీచర్‌కు ఒకే తెరపై విడివిడిగా కనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో గంట పట్టిన పని ఇక్కడ ఒక్క చూపుతో అయిపోతుంది.

దిద్దేటప్పుడు ‘ప్రైవేట్ కామెంట్’ వాడండి. అది ఆ విద్యార్థికీ టీచర్లకూ తప్ప ఇంకెవరికీ కనిపించదు. ‘మూడో లెక్కలో గుర్తు మార్చడం మరిచావు’ అని రాస్తే ఆ పిల్ల మాత్రమే చూసుకుని సరిదిద్దుకుంటుంది. పదిమందిలో సిగ్గుపడాల్సిన పని లేదు. మార్కులు వేశాక ‘రిటర్న్’ నొక్కడం మరవొద్దు. నొక్కకపోతే మార్కులు మీ దగ్గరే ఉండిపోతాయి.

ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే?

తరగతి నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ తండ్రి జేబులో ఉంటుంది. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. సాయంత్రం ఆరుకే గడువు పెడితే ఆ పిల్లాడు హోంవర్క్ చేసి కూడా ఆలస్యంగా పంపినట్టు నమోదవుతుంది. గడువును మర్నాడు ఉదయానికి పెట్టండి.

తండ్రి ఖాతాతో చేరితే జాబితాలో పిల్లాడి పేరు కాకుండా తండ్రి పేరో, ఆయన దుకాణం పేరో కనిపిస్తుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఖాతాతో ఒకే తరగతిలో ఉంటే మార్కులు కలిసిపోతాయి. ఒకే ఫోన్‌లో రెండు మూడు ఖాతాలు ఉంచుకుని మార్చుకోవచ్చని తల్లిదండ్రులకు చూపించండి. మొదటి వారమే రోల్ నంబర్, ఖాతా పేరు పక్కపక్కన రాసి ఒక పట్టీ పెట్టుకోండి.

పెద్ద వీడియో పెడితే రోజువారీ డేటా దానికే అయిపోతుంది. దానికి బదులు రెండు పేజీల నోట్సు ఫొటో తీసి పెట్టినా చాలు. అసలు ఫోనే లేని పిల్లలు ఉంటే వారి నోటు పుస్తకాన్ని బడిలోనే తీసుకుని దిద్ది, మార్కులు మీరే యాప్‌లో వేయొచ్చు. అందుకు ఆ విద్యార్థికి బడి ఖాతా ఉండి, తరగతిలో చేర్చి ఉంటే చాలు. యాప్‌లో పంపలేదని సున్నా వేస్తే అది చదువుకు వేసిన మార్కు కాదు, ఫోన్‌కు వేసిన మార్కు అవుతుంది.

పిల్లల సమాచారం మాటేమిటి?

మన దేశంలో 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా నడపకూడదు. వయసు ఎక్కువ చేసి చూపించి ఖాతా తెరవమని ఎవరూ సలహా ఇవ్వొద్దు. చిన్న తరగతులకు బడి ఇచ్చే ఖాతానే సరైన దారి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ముఖ్యమని చెబుతోంది. అందుకే మొదలుపెట్టే ముందు తల్లిదండ్రుల నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవడం మంచిది.

బడి ఖాతా అయితే మరో సౌకర్యం ఉంది. పిల్లలు ఏ పని పంపలేదో, ఏం రావాల్సి ఉందో తల్లిదండ్రులకు ఈమెయిల్‌లో సారాంశం వెళ్లేలా పెట్టుకోవచ్చు. సొంత ఖాతాతో నడిపే తరగతులకు ఈ వీలు లేదు.

ఏడాది చివర ఏం చేయాలి?

కంప్యూటర్‌లో క్లాస్‌రూమ్ తెరిచి మార్కులను గూగుల్ షీట్‌లోకి మార్చుకుని దాచుకోండి. తర్వాత తరగతిని ‘ఆర్కైవ్’ చేయండి. పిల్లలు పాత నోట్సు చూసుకోగలరు, కొత్తగా ఏమీ పంపలేరు. మీరు బదిలీ అయి వెళ్తుంటే అంతకుముందే తరగతిలో మరో టీచర్‌ను చేర్చండి. లేకపోతే ఒక్కరి ఖాతాతో పాటే ఏడాది శ్రమంతా వెళ్లిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజే అన్నీ వాడాలని చూడొద్దు. ఒక్క సబ్జెక్టు, వారానికి ఒక్క అసైన్‌మెంట్‌తో ప్రారంభించండి. నెల తిరిగాక ‘పంపని వారి’ జాబితా తెరిచి చూడండి. ప్రతిసారీ అవే పేర్లు కనిపిస్తుంటే ఆ పిల్లలను మందలించే ముందు, వాళ్ల ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ఒక్కసారి అడగండి.