మీకు తెలుసా? రైతు ఖాతాలో పడే డబ్బుల సంగతులు

కృష్ణపట్నం అనగానే ఓడరేవు, థర్మల్ కేంద్రం గుర్తుకొస్తాయి. అవి ఉన్న ముత్తుకూరు మండలంలోనే వరి మళ్లూ రొయ్యల గుంటలూ ఉన్నాయి. ఇక్కడి రైతుకు అందే సర్కారు సాయం వెనక ఎన్నో ఆసక్తికరమైన విషయాలున్నాయి.

● ‘రైతు భరోసా’ మొదలైంది పక్క మండలంలోనే. 2019 అక్టోబర్ 15న వెంకటాచలం మండలం కాకుటూరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి దాన్ని ప్రారంభించారు. ఏడాదికి రూ.13,500. అందులో రూ.6,000 కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చేదే.

● ఇప్పటి ‘అన్నదాత సుఖీభవ’ కింద ఏడాదికి రూ.20,000: రాష్ట్రం వాటా 14,000, కేంద్రం వాటా 6,000. నెల్లూరు లెక్కలో పుట్టి వడ్లంటే 850 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటా రూ.2,369 చొప్పున పుట్టికి వచ్చేది రూ.20,136. అంటే ఏడాది సాయం దాదాపు ఒక పుట్టి వడ్ల ధర!

● ఎకరం ఉన్నా, ఐదెకరాలున్నా ఇక్కడ కుటుంబానికి అదే మొత్తం. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు లెక్క వేరు. అక్కడ ఎకరానికి, సీజన్‌కు రూ.4,000 చొప్పున ఇచ్చారు. భూమి ఎక్కువ ఉన్నవారికి సొమ్మూ ఎక్కువే.

● 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందన్నదే పీఎం కిసాన్‌కు ప్రాతిపదిక. ఆ తర్వాత పొలం కొన్నవారికి ఆ కొనుగోలుతో అర్హత రాలేదు. యజమాని చనిపోయి వారసులకు సంక్రమించిన భూమికి మాత్రం మినహాయింపు.

● కౌలు భూమి మీద పీఎం కిసాన్ రాదు, ఎండలో మడి దున్నేది కౌలుదారే అయినా సరే. రాష్ట్రం 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలలు చెల్లే కార్డు ఇస్తోంది. దానికీ భూయజమాని సంతకం కావాలి. చాలాచోట్ల పని ఆగేది ఆ సంతకం దగ్గరే.

● నెలకు రూ.10,000, ఆపైన పింఛను తీసుకునే విశ్రాంత ఉద్యోగులకు పొలమున్నా పీఎం కిసాన్ రాదు. నాలుగో తరగతి ఉద్యోగులకు ఈ అడ్డు లేదు.

● ఖాతాలో కనిపించని సబ్సిడీ కూడా ఉంది. యూరియా కొనేటప్పుడు దుకాణంలో ఈ-పాస్ మిషన్ మీద వేలిముద్ర వేస్తాం కదా! 45 కిలోల బస్తాకు మనం ఇచ్చేది రూ.266.50. అమ్మకం ఆ మిషన్‌లో నమోదయ్యాకే మిగతా సొమ్ము ఎరువుల కంపెనీకి కేంద్రం నుంచి అందుతుంది.

● వరికి నీళ్లు తోడే బోరుకు 2004 నుంచి ఉచిత కరెంటు. రొయ్యల గుంటలో రాత్రంతా తిరిగే ఏరియేటర్లకు అది వర్తించదు. అర్హులైన ఆక్వా రైతులకు యూనిట్ రూ.1.50 చొప్పున రాయితీ ధర 2019లో ప్రకటించారు.

● పంట తగ్గించినందుకు డబ్బులిచ్చిన దేశం అమెరికా! ధరలు పడిపోవడంతో 1933లో చట్టం చేసి, ఎదిగిన పత్తి చేలను దున్నేసినందుకు రైతులకు పరిహారం చెల్లించారు.

● వడ్లకిచ్చే మద్దతు ప్రపంచ వాణిజ్య సంస్థ విధించిన పరిమితిని (పంట విలువలో 10 శాతం) 2018-19లో దాటిందని భారతే ఆ సంస్థకు తెలిపి, ఇతర దేశాల ఫిర్యాదుల నుంచి కాపాడే ‘శాంతి నిబంధన’ రక్షణ కోరింది.

సాయం ఏ పేరుతో వచ్చినా ముందు చూసేది రికార్డునే. కాబట్టి మీ 1బీలో పేరు, ఈ-కేవైసీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా ఉన్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో ఇప్పుడే చూసుకోండి. పీఎం కిసాన్‌పై సందేహాలుంటే 155261కి ఫోన్ చేయండి.