సముద్రం పక్కనే... కానీ దిగకూడదు!

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి సిడ్నీ, మెల్‌బోర్న్. మా ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా ‘సిడ్నీకి ఎంత దూరంలో ఉన్నావురా?’ అనే అడుగుతారు. మూడు వేల కిలోమీటర్ల పైమాటే అంటే నవ్వుతానన్నట్టు చూస్తారు, వీడియో కాల్‌లో. నేనుండేది డార్విన్. పటంలో ఆస్ట్రేలియా నెత్తిమీద చూడండి, ఉత్తరపు అంచున చిన్న చుక్క... అదే. ఇక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని పెద్ద నగరాల కంటే తూర్పు తిమోర్ రాజధాని డిలీయే దగ్గర. ఊరంతా కలిపినా లక్షన్నర జనం. మన గుంటూరులో నాలుగు పేటలు కలిపితే అంత ఉంటారేమో!

సైటు సూపర్‌వైజర్‌గా వచ్చి నాలుగేళ్లయింది. అంతకుముందు ఆరేళ్లు దుబాయ్. రెండు చోట్లా ఒకటే గమనించా. వారానికి ఒక్క సెలవు దొరికితే మన కుర్రాళ్లు బట్టలుతుక్కుని, కూర వండుకుని, ఫోన్ చూస్తూ పడుకుంటారు. కాంట్రాక్టు అయిపోయి తిరిగెళ్లాక ‘అక్కడేం చూశావు?’ అంటే చెప్పడానికి క్రేన్లు, పరంజాలు తప్ప ఏమీ ఉండవు. మొదటి ఏడాది నేనూ అంతే. తర్వాత తిరగడం మొదలుపెట్టా. పెద్ద ఖర్చేమీ కాలేదు. ఈ ఊరు వచ్చే తమ్ముళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మోకాలి లోతే కదా అన్నా!

చూడాల్సినవి చెప్పేముందు చేయకూడనిది ఒకటి చెప్పాలి. కిందటి అక్టోబరులో ఓ సాయంత్రం నలుగురం కాజువరీనా బీచ్‌కి వెళ్లాం. మాలో ధర్మపురి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడున్నాడు. భార్యకు వీడియో కాల్‌లో సముద్రం చూపిస్తూ చూపిస్తూ నీళ్లలోకి దిగిపోయాడు. నేను అరిచా. ‘ఏం కాదన్నా... గోదావరిల ఈత నేర్చినోణ్ని. మోకాలి లోతుకేమైతది?’ అన్నాడు నవ్వుతూ. అప్పుడే కుక్కను తిప్పుతున్న ఓ ముసలావిడ వచ్చి, మాట్లాడకుండా అతన్ని చెయ్యి పట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. పక్కనున్న బోర్డు చూపించింది. దానిమీద నోరు తెరిచిన మొసలి బొమ్మ. దాని కింద జెల్లీఫిష్ బొమ్మ.

ఇక్కడి మొసళ్లు మన కాలువల్లో అప్పుడప్పుడు కనబడే రకం కాదు. ఉప్పునీటి మొసళ్లు. నదిలో ఉంటాయి, సముద్రంలోనూ ఈదుతాయి. ఒకప్పుడు తోలు కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. 1971లో రక్షణ కల్పించాక మళ్లీ పెరిగి ఇప్పుడు ఈ ప్రాంతంలో లక్ష దాకా ఉంటాయని అంచనా. డార్విన్ హార్బర్‌లో బోనులు పెట్టి ఏటా పట్టి తీసేస్తూనే ఉంటారు. అయినా కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇక బాక్స్ జెల్లీఫిష్ సంగతి. అక్టోబరు నుంచి మే దాకా దాని కాలం. గాజులా ఉంటుంది, నీళ్లలో కనబడదు. దాని తీగలు ఒంటికి బాగా చుట్టుకుంటే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అందుకే బీచ్‌ల దగ్గర వెనిగర్ సీసాలు పెడతారు. ఎవరికైనా తగిలితే ఆ చోట రుద్దకుండా కనీసం అర నిమిషం వెనిగర్ పోసి, వెంటనే 000కి ఫోన్ చేయాలి. ఈ నంబరు గుర్తుంచుకోండి.

మరి ఈత? దానికీ చోట్లున్నాయి. వాటర్‌ఫ్రంట్‌లో సముద్రపు నీటినే గోడ కట్టి వేరుచేసి, వల వేసి, కాపలా పెట్టిన కొలను ఉంది. ఈస్ట్ పాయింట్‌లో అలెగ్జాండర్ సరస్సు ఉంది. అక్కడ దిగండి. బయట సముద్రాన్ని ఒడ్డున కూర్చుని చూడండి... చాలు.

గురువారం సాయంత్రం మిండిల్‌లో

ఇక్కడ కాలాలు రెండే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన, మే నుంచి అక్టోబరు దాకా ఎండాకాలం. ఎండాకాలమంటే భయపడకండి. మన ఊళ్లో రోహిణి కార్తెకు రోళ్లు పగులుతుంటే ఇక్కడ పొద్దున్నే చల్లటి గాలి వీస్తుంటుంది. అసలు నరకం అక్టోబరు, నవంబరు. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, వాన మాత్రం పడదు. సైటు మీద చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఆ రెండు నెలలు తిరుగుళ్లు పెట్టుకోకుండా గదిలో ఫ్యాను కింద పడుకున్నా తప్పులేదు!

ఎండాకాలంలో ప్రతి గురు, ఆదివారాల సాయంత్రం మిండిల్ బీచ్‌లో సంత జరుగుతుంది. మన ఊరి సంతలాగే అనుకోండి, కాకపోతే కూరగాయల బదులు దేశదేశాల తిండి. థాయ్, ఇండొనేషియా, శ్రీలంక, మన దోసెలు కూడా. మొసలి మాంసం కాల్చి అమ్మేవాళ్లూ ఉంటారు. నేను తిన్లేదు, తిన్నవాళ్లు కోడిమాంసంలా ఉందన్నారు. పొద్దు వాలే వేళకు జనమంతా ప్లేట్లు పట్టుకుని ఇసుక దిబ్బ దాటి ఒడ్డుకు నడుస్తారు. సూర్యుడు నీళ్లలోకి దిగుతుంటే అందరూ నోరు మూసుకుని చూస్తారు. పూర్తిగా మునిగాక చప్పట్లు కొడతారు! మొదటిసారి చూసి నవ్వొచ్చింది. రెండోసారి నేనూ కొట్టా. మాది నాగాయలంక దగ్గర పల్లె. తూర్పు తీరం కదా, సముద్రంలోంచి సూర్యుడు రావడమే చూశాం గానీ, సముద్రంలోకి పోవడం ఇక్కడే చూశా.

శనివారం పొద్దున పరాప్‌లో, ఆదివారం పొద్దున రాపిడ్ క్రీక్‌లో ఇంకో రెండు సంతలు. రాపిడ్ క్రీక్‌లో మన కూరలు దొరుకుతాయి. తోటకూర, బెండకాయ, కాకర, పచ్చి మామిడి... ఆదివారం పప్పుకి ఢోకా లేదు. కొబ్బరిపాలు, మిరపకాయలు, నూడుల్స్ వేసి కాచే ‘లక్సా’ అనే పులుసు ఈ ఊరికి ప్రాణం. ఉదయం ఎనిమిదింటికే గిన్నెల కొద్దీ తాగుతారు. కారం తినే మన నాలుకకు బాగా నప్పుతుంది. మామిడికి ఈ ప్రాంతం పెట్టింది పేరు. బంగినపల్లి రుచి రాదులెండి, కానీ బెంగ తీరుతుంది.

చీకటి గదిలో తుపాను

ఇప్పుడు అసలు విషయం. ఈ ఊళ్లో పాత ఇళ్లు దాదాపుగా కనబడవు. ఎందుకా అని నాకు మొదట్లో అర్థం కాలేదు. 1974 డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్ పండగ ముందు రోజు, ట్రేసీ అనే తుపాను ఊరి మీదికొచ్చింది. విమానాశ్రయంలో గాలి కొలిచే పరికరం గంటకు 217 కిలోమీటర్లు చూపించి ఆ తర్వాత పాడైపోయింది. తెల్లారేసరికి ఊళ్లో చాలా ఇళ్లు పోయాయి. 66 మంది చనిపోయారు. అప్పటికి ఊళ్లో ఉన్నది 47 వేల మంది. వాళ్లలో ముప్పై వేల మందికి పైగా ఇతర నగరాలకు తరలించారు. ఊరు ఊరంతా ఖాళీ!

స్మిత్ స్ట్రీట్‌లో 1883లో కట్టిన పాత టౌన్‌హాల్ రాతిగోడలు మొండిగా నిలబడి ఉన్నాయి, చూడండి. ట్రేసీకి కూలిన దాన్ని అలాగే ఉంచేశారు. దగ్గర్లోనే క్రైస్ట్ చర్చ్ కెథడ్రల్ ఉంది. పాత చర్చిలో మిగిలింది ముందరి వాకిలి ఒక్కటే. దాని వెనక కొత్త చర్చి కట్టారు.

అక్కణ్నుంచి బస్సెక్కి బుల్లకీ పాయింట్‌లోని మ్యూజియంకి వెళ్లండి. అందులో ఐదు మీటర్ల పైన పొడవున్న ‘స్వీట్‌హార్ట్’ అనే మొసలి ఉంది. పేరు ముద్దుగా ఉంది గానీ, 1970లలో పడవల ఇంజన్లు కొరికి జనాన్ని హడలెత్తించింది. 1979లో పట్టుకునే ప్రయత్నంలో చచ్చిపోయింది. ఆ పక్కనే ట్రేసీ విభాగం. దాంట్లో ఒక చిన్న చీకటి గది. ఆ రాత్రి ఒక చర్చి ఫాదర్ టేపులో పట్టిన తుపాను చప్పుడు వినిపిస్తారు. గాలి హోరు, దాంట్లో రేకులు రాసుకునే కీచు శబ్దం.

రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయా. మా నాన్నమ్మ చెప్పే చప్పుడు అదే. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. మా నాన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు. ‘ముందు కప్పు లేచిపోయిందిరా, తర్వాతే గోడ పడింది, ఆ తర్వాత నీళ్లొచ్చినయ్’ అనేది నాన్నమ్మ. తుమ్మచెట్టుకు పశువుల పలుపుతో కట్టుకుని ఆమె, నాన్న బతికారు. బాబాయి బతకలేదు. ఆ ఉప్పెనలో చనిపోయినవాళ్లు వేల మంది. చిన్నప్పుడు అదంతా కథలా విన్నా. వేల మైళ్ల దూరంలో చీకటి గదిలో నిలబడితే కథ కాదని తెలిసింది.

ఇల్లంతా నేలకు కట్టేస్తారు

నాన్నమ్మ మాటలో ఉన్న ఇంజనీరింగే ఈ ఊళ్లో నాకు అన్నం పెడుతోంది. గాలి ఇంటిని తోస్తుందనుకుంటాం. నిజానికి కప్పును పైకి లాగుతుంది. ట్రేసీ రాత్రి గాలి ఆగి ఆగి కొట్టింది. ప్రతి విసురుకీ రేకు స్క్రూ చుట్టూ కొంచెం వంగింది, మళ్లీ లేచింది. డబ్బా రేకును అటూ ఇటూ పదిసార్లు వంచితే ఏమవుతుంది? విరుగుతుంది. అలాగే స్క్రూల దగ్గర చిరిగిపోయి రేకులు లేచిపోయాయి. కప్పు పోయాక గోడలు నిలబడలేదు. ఆ పాఠం నేర్చుకుని నిబంధనలన్నీ తిరగరాశారు. ఇప్పుడు ఇక్కడ కప్పు నుంచి గోడ లోపలగా పునాది దాకా ఇనుప కడ్డీలు దింపి బిగిస్తాం. ఇల్లంతా నేలకు కట్టేసినట్టన్నమాట. రేకుల్ని కూడా ఒకసారి లాగి చూడటం కాదు, వేలసార్లు లాగి వదిలి పరీక్షించాకే వాడనిస్తారు.

ఇక్కడో తప్పు ఒప్పుకోవాలి. వచ్చిన కొత్తలో కప్పు అంచున స్క్రూలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయనిపించింది. టైము కలిసొస్తుందని కుర్రాళ్లతో ఒకటి విడిచి ఒకటి బిగించమన్నా. ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఒక్క మాట కూడా అరవకుండా, మొత్తం విప్పించి మళ్లీ వేయించాడు. రెండు రోజుల పని దండగ. కోపమొచ్చింది. తర్వాతి ఆదివారమే మ్యూజియంకి వెళ్లా. సోమవారం ఆయనకు థ్యాంక్స్ చెప్పా.

బాంబులు పడిన రేవు

యుద్ధం కూడా ఈ ఊరిని వదల్లేదు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు రెండు విడతలుగా బాంబులు వేశాయి. కనీసం 235 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయని పెద్దవాళ్లు చెబుతారు కదా... అదే యుద్ధం. వాటర్‌ఫ్రంట్ దగ్గర నూనె దాచడానికి కొండ తొలిచి కట్టిన సొరంగాలున్నాయి. టికెట్ ఉంటుంది. మన పని చేసేవాళ్లు తప్పక చూడాలి. అంత కష్టపడి తవ్వితే లోపల నీరు కారి, యుద్ధం ముగిసేదాకా వాడకంలోకే రాలేదు. ఎస్‌ప్లనేడ్ తోటలో మునిగిన అమెరికన్ ఓడ ‘పియరీ’ ఫిరంగి ఉంది. ఓడ పడి ఉన్న వైపే గురిపెట్టి నిలబెట్టారు.

చెదలకూ తెలుసు వాస్తు!

నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే లిచ్‌ఫీల్డ్ పార్కు గంటన్నర ప్రయాణం. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. ఫ్లోరెన్స్, వాంగి జలపాతాలు, మెట్లు మెట్లుగా గుంటలున్న బ్యూలీ రాక్‌హోల్... ఇక్కడ మాత్రం కడుపునిండా ఈత కొట్టొచ్చు. ఎండాకాలంలో సిబ్బంది మొసళ్లు లేవని చూసుకున్నాకే తెరుస్తారు. ‘తెరిచి ఉంది’ అన్న బోర్డు లేకపోతే ఎంత ముచ్చటగా ఉన్నా దిగొద్దు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు పార్కుల పాస్ ముందే తీసుకోవాలి.

దారిలో చెదపుట్టలు చూడండి. పలకల్లా పల్చగా, మనిషి ఎత్తు దాటి, సమాధి రాళ్లలా వరసగా నిలబడి ఉంటాయి. అన్నీ ఉత్తర దక్షిణాలకే! మిట్టమధ్యాహ్నం ఎండ సన్నటి అంచుకే తగులుతుంది, లోపల వేడెక్కదు. ఏ డిప్లొమా లేకుండా చెదలు కడుతున్నాయి. మనం మాత్రం పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టి ఏసీ కొంటున్నాం!

కాకడు మూడు గంటల దూరం. రాళ్ల మీద వేల ఏళ్లనాటి ఆదివాసీ చిత్రాలున్నాయి. దానికి కనీసం రెండు రోజుల సెలవు కావాలి, పండగలకు దాచుకోండి. డార్విన్ ఉన్న నేల లరకియా ఆదివాసులది. ఏ సభ జరిగినా ముందు వాళ్లను తలచుకున్నాకే మొదలుపెడతారు.

నాన్న మాట

మ్యూజియం చూసొచ్చిన రాత్రి ఇంటికి ఫోన్ చేశా. మాది ఇప్పటికీ రేకుల వంటిల్లు. వసారా కూడా రేకులే. అంచుల్లో స్క్రూలు రెట్టింపు వేయించమని, వాసాల్ని గోడకు ఇనుప పట్టీలతో కట్టించమని అరగంట చెప్పా. నాన్న అంతా విని నవ్వాడు. ‘ఆస్ట్రేలియా వెళ్లి రేకులకు మేకులు కొట్టడం నేర్చుకున్నావట్రా?’ అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘మీ బాబాయి ఉన్నప్పుడు ఇది ఎవడైనా చెప్పుంటే...’ అని ఆగిపోయాడు. మర్నాడే మేస్త్రీని పిలిచాడు.

ధర్మపురి తమ్ముడు ఇప్పుడు ఒడ్డున నిలబడే వీడియో కాల్ చేస్తున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు బోర్డులు చదివి వినిపించేది కూడా అతనే. ఈ ఆదివారం మీకు సెలవైతే గదిలో పడుకోకండి. నీళ్ల సీసా, టోపీ తీసుకుని బస్సెక్కండి. ఊరు చూడండి... నీళ్లకు మాత్రం ఐదు మీటర్ల దూరంలో!