ఫిరంగులు పోసినచోట బ్యాంకు

బార్కసు అను పేరు సైనికుల వసతిగృహములను దెలుపు 'బారక్సు' అను ఆంగ్లపదమునుండి పుట్టినదని మనలో పెక్కురు ఎఱుగుదురు. నిజాము కొలువునందలి అరబ్బు సైనికులు, ముఖ్యముగా హద్రమౌతునుండి వచ్చినవారు, ఇచట నివసించిరి. సైన్యము పోయినది, పేరు నిలిచినది. ఇట్టి పేరే నగరమున మఱియొకటి కలదు. చార్మినారు దాటి, మూసీనది దాటి, ఆబిడ్సు మీదుగా ఫతేమైదానమువైపు పోవువారికి గన్‌ఫౌండ్రీ అను పేట తగులును. 1786లో ఫ్రెంచి సేనాని రేమండు అచట ఫిరంగులను పోయు కర్మాగారమును నెలకొల్పెను. ఉర్దూలో దానిని 'తోప్ కా సాంచా', అనగా ఫిరంగి మూస, అందురు. 1798లో రేమండు మరణించెను. ఆ యేటనే ఆంగ్లేయులు ఆతని దళములను నిరాయుధము గావించిరి. ఆ పేటలోనే 1942 ఏప్రిల్ 5వ తేదీన హైదరాబాదు స్టేట్ బ్యాంకు తన తొలిశాఖను తెఱచెను.

ఫిరంగులు గల ప్రభువునకు బ్యాంకు ఏల కావలసెను? అప్పుల చరిత్రము తెలిసినగాని ఇది బోధపడదు. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము సర్కారు సైన్యపు జీతములకై సాహుకార్లయొద్ద చేయి చాచుచుండెను. పామరు కంపెనీ అను వడ్డీవ్యాపార సంస్థకు పడిన బాకీ తీర్చుటకై, ఉత్తరసర్కారుల నిమిత్తము ఆంగ్లేయులనుండి ఏటేట రావలసిన ఏడులక్షల రూపాయల పేష్కషును 1823లో శాశ్వతముగా వదలుకొనవలసి వచ్చెను. దానికి బదులుగా ముట్టినది ఒక కోటి పదునాఱులక్షలకు పైబడిన మొత్తము. 1853లో సైనిక వ్యయపు బాకీక్రింద బీరారు ప్రాంతమే ఆంగ్లేయుల పాలనలోనికి పోయెను. అరబ్బు జమాదారులుకూడ సర్కారునకు అప్పులిచ్చి తాలూకాల రాబడిని తాకట్టు పట్టిరి. ఈ మాట మన పేటవారికి అంత యింపుగా నుండకపోవచ్చునుగాని, అప్పు తీర్చి ఆ తాలూకాలను విడిపించుట మొదటి సాలార్‌జంగు దివానుగిరిలో పెద్దపనులలో నొకటియై యుండెను.

నాణెముల చిక్కు వేఱు. హైదరాబాదునకు సొంత రూపాయి యుండెను. 1918నుండి సొంత నోట్లును వెలువడెను. అయితే ఏడు హాలీరూపాయలు ఆఱు ఆంగ్లరూపాయలకు సుమారుగా సమానము. కావున బొంబాయినుండి ఆఱువందల రూపాయల సరకు తెప్పించుకొను వర్తకుడు ఇచట ఏడువందలు లెక్కించి యిచ్చుచుండెను. ఈ మారకపు లెక్కలు చిన్నవాడలోని కోమటికిని తప్పినవి కావు.

1941 నాటి శాసనముచే ఏర్పడిన స్టేట్ బ్యాంకు సామాన్య బ్యాంకువలె డిపాజిట్లు స్వీకరించి అప్పులిచ్చుటయేగాక, ఉస్మానియా సిక్కాయొక్కయు, సర్కారు ఋణముయొక్కయు నిర్వహణమును చేపట్టెను. పూర్వము సాహుకారి గుమాస్తా చేతిలో నుండిన సర్కారు బాకీ ఇప్పుడు సర్కారు సొంత బ్యాంకు పుస్తకములలోని కెక్కినది. నా దృష్టిలో గన్‌ఫౌండ్రీ కార్యాలయమునకు గల అసలు గౌరవ మిదియే. భవనపు ఎత్తు తరువాతి మాట.

నాణెము మాత్రము ఎక్కువకాలము నిలువలేదు. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. 1950లో భారత రూపాయి ప్రవేశించెను. 1959లో హాలీసిక్కా పూర్తిగా రద్దయ్యెను. బ్యాంకు బ్రదికినది. 1953లో హైదరాబాదు మర్కంటైలు బ్యాంకు ఆస్తులను, బాధ్యతలను తనలో కలుపుకొనెను. 1956లో రిజర్వుబ్యాంకు దానిని స్వీకరింపగా 'స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్' అను పేరు వచ్చెను. 1959లో భారతీయ స్టేట్ బ్యాంకునకు అనుబంధ సంస్థయయ్యెను. గన్‌ఫౌండ్రీలోని ప్రధానకార్యాలయమునుండియే దాని వ్యవహారము నడచెను. 2017 ఏప్రిల్ 1వ తేదీన ఆ బ్యాంకు భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమై, పాసుపుస్తకములపై హైదరాబాదు పేరు తొలగినది. ఆ పేటను మాత్రము ఆటోవాడు నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పిలుచుచున్నాడు.